ఆయిలర్ తేల్చిన ప్రధాన సంఖ్య

ఒకటితోను, తనతోను తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని, ఒకటి కంటె పెద్దదైన పూర్ణసంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. ముప్పై ఒక్క రెండ్లను గుణించి, లబ్ధంలోనుంచి ఒకటి తీసివేయగా వచ్చే 2,14,74,83,647 అటువంటిదే. ఈ రూపంలోని ప్రధాన సంఖ్యలను, 17వ శతాబ్దంలో వాటిని పరిశీలించిన ఫ్రెంచి మతాచార్యుడు మారిన్ మెర్సెన్ పేరిట, మెర్సెన్ ప్రధాన సంఖ్యలని పిలుస్తారు.

ఇది ప్రధాన సంఖ్యేనని, దాదాపు చూపు కోల్పోయి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న లియొనార్డ్ ఆయిలర్ 1772లో వెల్లడించాడు. దీని వర్గమూలం 46,340కి కొంచెం ఎక్కువ గనుక, అంతవరకు గల ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే నాలుగు వేలకు పైచిలుకు సంఖ్యలతో, భాగించి చూడడం సూటి మార్గం. అయితే దీనికి ప్రధాన భాజకమంటూ ఉంటే, దానిని 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని మాత్రమే శేషంగా మిగలాలని ఆయిలర్ గ్రహించడంతో, చేయవలసిన భాగహారాలు వందలోపునకు తగ్గాయి. ఆయన ఓర్పుకంటె ఈ వడపోతే ఎక్కువ మెచ్చదగినది.

దీనిని 2 యొక్క 30వ ఘాతంతో గుణిస్తే, తనకంటె చిన్నవైన తన భాజకాల మొత్తానికి సమానమయ్యే పరిపూర్ణ సంఖ్య లభిస్తుంది; అందులో 19 అంకెలుంటాయి.

సున్న, ఒకటి మాత్రమే వాడే ద్విసంఖ్యామానంలో 2,14,74,83,647 అంటే వరుసగా 31 ఒకట్లు. అందువల్ల ధన, రుణ సంఖ్యలను 32 బిట్లలో దాచే కంప్యూటర్లకు ఇదే గరిష్ఠ విలువ. ప్రధానత్వంతో నిమిత్తం లేకపోయినా, 1970 జనవరి 1 నుంచి సెకన్లను అలా లెక్కించే పాత వ్యవస్థలు, భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ హద్దును చేరుకుంటాయి.