మాట్లాడని పెద్దమనిషి



దినపత్రికకు ఆయుష్షు ఒక్క పూట. మర్నాటికల్లా దాన్ని అలమర అరల్లో పరుచుకుంటాం, లేదా పాతపేపర్లవాడికి తూకానికి వేస్తాం. మరి అందులో రోజూ ఓ బొమ్మ వేసే మనిషి యాభయ్యేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే ఏం కనిపిస్తుందంటారు?

ఆర్.కె. లక్ష్మణ్‌గారి పేరు మీరంతా వినే ఉంటారు. 1921లో మైసూరులో పుట్టారు. చదువుకునే రోజుల్లోనే అన్నగారు ఆర్.కె. నారాయణ్ కథలకు ‘హిందూ’ పత్రికలో బొమ్మలు వేశారు. బొంబాయి జె.జె. చిత్రకళాశాలవారు మాత్రం తగిన ప్రతిభ లేదని చేర్చుకోలేదు! ఆయన కుంగిపోలేదు. 1951 నుంచి ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో ‘యూ సెడ్ ఇట్’ పేరుతో చిన్న బొమ్మ వేయసాగారు. 1998లో ‘ది టనల్ ఆఫ్ టైమ్’ అని తన జీవితకథ కూడా రాసుకున్నారు.

మొదట్లో జనాన్ని చూపించాలంటే బెంగాలీ, తమిళుడు, పంజాబీ అంటూ గుంపంతా గీసేవారు. పత్రిక అచ్చుకు వెళ్ళే వేళకి అంతమందిని గీసే తీరికెక్కడిది? ఒక్కొక్కరినే తగ్గించుకుంటూ వచ్చారు. చివరికి మిగిలినవాడే మన ‘సామాన్యుడు’. బట్టతల, వెనక నాలుగు తెల్లవెంట్రుకలు, గళ్ళకోటు, పంచె, కళ్ళజోడు. మంత్రిగారి ఉపన్యాసమైనా, రోడ్డు మీది గుంట అయినా నోరు మెదపడు. ఓ మూల నిలబడి చూస్తాడు, అంతే. ఆ నోరులేని మనిషిని 1988లో తపాలాబిళ్ళ మీద వేశారు. పుణేలో విగ్రహం కూడా పెట్టారు.

అన్నట్టు, ఆ బొమ్మల్లో ఆయన భార్య కూడా కనిపిస్తుంది. ఆవిడ ఊరుకునే మనిషి కాదు! ఇల్లు నడిపేవాళ్ళకు నోరు మూసుకుంటే జరుగుతుందా మరి?

లక్ష్మణ్‌గారు 2015లో, సరిగ్గా గణతంత్ర దినం నాడు కన్నుమూశారు. ఆ పాత బొమ్మలు ఇప్పుడు తిరగేస్తే ఒక చిత్రం తోస్తుంది. అందులోని మంత్రులెవరో పిల్లలకు విడమరిచి చెప్పాలి. పెరిగిన ధరలూ, రాని కుళాయినీళ్ళూ, రోడ్డు గుంటలూ ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే దిగులేస్తుంది. బొమ్మ పాతబడకపోవడం గీసినవారికి గొప్పే. మనకి మాత్రం కాదు.

అందుచేత నవ్వుకుందాం, తప్పకుండా నవ్వుకుందాం. కాని నవ్వి ఊరుకుంటే మనమూ ఆ మూల నిలబడ్డవాళ్ళమే అవుతాం. మన వీధి గుంట గురించి నలుగురం కలిసి మున్సిపాలిటీకి ఓ అర్జీ రాస్తే, రేపటి పిల్లలకి ఆ బొమ్మ నిజంగా పాతబడుతుంది. సెలవు.