హావ్ తర్వాత రిటెన్

(మాదాపూర్ దగ్గరి ఒక బస్తీలో, ఐటీ కంపెనీల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనులు చేసేవాళ్ళ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభల ఇంగ్లీషు వ్యాకరణం ఏందని వెనక ఎవరో గునుగుతున్నరు. ఎందుకో చెప్త.

నా దగ్గర పదో తరగతి చదివిన పిలగాడు బీకాం పాసైండు. వాళ్ళమ్మ ఇక్కడి ఒక అద్దాల మేడల నేల తుడుస్తది. అసొంటి ఇంకో మేడకే కొడుకు ఇంటర్వ్యూకు పోయిండు. ఇంతకు ముందు పరీక్షలేమన్న రాసినవా అని అడిగితే 'ఐ హావ్ రోట్ టూ టెస్ట్స్ సర్' అన్నడు. అడిగినాయన పక్కనున్నామె దిక్కు చూసి నవ్విండట. అంతే. లెక్కలు అడగలే, ట్యాలీ అడగలే. హావ్ తర్వాత రిటెన్ రావాలె. ఆ ఒక్క మాటకు మూడేండ్ల డిగ్రీ గాలికి పోయింది.

రైట్ రోట్ రిటెన్, గో వెంట్ గాన్, సీ సా సీన్ అని బడుల్లో ఎక్కాల లెక్క బట్టీ పట్టిస్తం. మూడో ముక్క ఎందుకో చెప్పం. నేనూ కొన్నేండ్లు అట్లనే చెప్పిన. ఆ తప్పుల నాకూ వాటా ఉంది.

'ఉత్తరం రాసిండు' అంటం. అది రోట్. వాక్యం అక్కడ ముగుస్తది. 'రాసిన ఉత్తరం' అంటం. ఆ 'రాసిన' దాదాపు రిటెన్ లాంటిదే. ఒంటరిగా నిలబడదు, పక్కన ఇంకో మాట ఆసరా కావాలె. ఇంగ్లీషులో ఆ ఆసరా హావ్, హాజ్, హాడ్. లేదంటే ఈజ్, వాజ్, వర్. ఐ రోట్. ఐ హావ్ రిటెన్. ది లెటర్ వాజ్ రిటెన్.

వాక్, వాక్డ్ లాగ అన్నిటికీ ఒకే తోక పెట్టక ఈ వంకర్లెందుకని పిల్లలు అడుగుతరు. వంకర మాటలు సుమారు 200. తిను, తాగు, పో, రా, ఇయ్యి లాంటి రోజూ నోట్లో నానే మాటలే ఎక్కువ వంకర. అరిగేకొద్దీ మొండికేసినయ్. వెంట్ అసలు గో కడుపున పుట్టింది కాదు, వెండ్ అనే వేరే మాటది. మనకు లేదా? 'రా' అని పిలుస్తం, 'వచ్చిండు' అంటం, 'రాయిండు' అంటమా? సంతకం రాని మా అమ్మ ఈ మాటల్లో ఒక్కనాడు తప్పు పోలే. చుట్టూ విన్నది కాబట్టి. ఇంగ్లీషు వినపడే ఇండ్ల పిల్లలకు రిటెన్ కూడా అట్లనే వస్తది. దాన్ని తెలివని పిలిచి జీతం కడుతున్నరు.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిననాడు నేను డిగ్రీల ఉన్న. అమీర్‌పేటల స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు చూసేవాణ్ణి, లోపలికి పోను ఫీజు లేదు. ఆ 'స్పోకెన్' కూడా మూడో ముక్కేనని ఎన్నేండ్లకో తెలిసింది! 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 దాకా ఇంగ్లీషు మీడియం పెట్టిండ్రు. పుస్తకం మారింది. పిల్ల నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడే గంట ఏదని మీ ఊరి బడికి పోయి అడగండి.

ఇంకొకటి. బాబాసాహెబ్ 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంల మన పూర్వీకులను బ్రోకెన్ మెన్ అన్నరు. బ్రేక్ బ్రోక్ బ్రోకెన్. సంస్కృతంల 'దళిత' అన్నదీ ఇదే తీరు మాట, చీల్చబడిన అని. చేసినోని పేరు దాచను ఈ ముక్క బాగ పనికొస్తది. క్లాసుల 'ది పాట్ వాజ్ బ్రోకెన్' అని బోర్డు మీద రాసిన. వెనక బెంచీ పిల్ల లేచి 'బై హూమ్ సార్?' అన్నది.

ఆదివారం సాయంత్రం 5 గంటలకు ఇక్కడనే కూసుందాం. నోటుబుక్కు తెచ్చుకోండి. ఆ బీకాం పిలగాడు వస్తనన్నడు. మొదటి 20 మాటలు వాడే చెప్తడు.