పెండింగులో ఉంచిన కాగితం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా గారిని తలచుకుంటాం. 1982లో ఇదే రోజున ఆయన కేసులో, పెన్షను అనేది దయతో వేసే భిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. దాని గురించి నాకంటే తెలిసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది అదే కోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన ఇంకొక తీర్పు సంగతి. ఆడ, మగ కాక మూడో వర్గాన్ని కూడా చట్టం గుర్తించాలనీ, తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ అందులో అన్నారు. ఆ తీర్పు వల్ల మేలు జరగవలసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. ఆ మేలుకు అడ్డుపడిన గుమాస్తాను నేనే.

ఆమె మా అమ్మకు కడపటి సంతానం. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. పుట్టినప్పుడు తమ్ముడన్నారు, నలభై ఏడేళ్ళపాటు నేనూ తమ్ముడనే పిలిచాను. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. రాసేది అనాలి. ఈ తడబాటు నాకు ఇంకా పోలేదు, క్షమించండి. పెళ్ళి మాటెత్తితే లేచి బయటికి పోయేది. 1991 జనాభా లెక్కలకు నేను సూపర్‌వైజరును. ఆ ఫారంలో ఆడ, మగ రెండే. మా ఇంటి కాగితం నేనే సరిచూసి సంతకం పెట్టాను. 2011లో మూడో అంకె కూడా పెట్టారు, దేశం మొత్తం మీద 4 లక్షల 87 వేల చిల్లర మంది దానికింద నమోదయ్యారు. మా మనిషి అందులోనూ లేదు, అప్పటికి మాకు చెప్పలేదు గనుక.

ఆ ఏడే అమ్మ సంవత్సరికం అయిన మరునాడు నన్ను వసారాలో కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మ ఉన్నంతకాలం ఓర్చుకున్నానన్నా, ఇంక నాతో కాదు" అంది. ఊళ్ళో నా పరువేం కావాలని అడిగాను. ఆమె పరువు సంగతి నాకు తట్టలేదు. ఇటువంటి వారిని మన ప్రాంతంలో ఏమని పిలుస్తారో మీకు తెలుసు. ఆ మాటలూ అన్నాను. వారం తిరక్కుండా నంద్యాల పోయింది. 2012లో మా చిన్నమ్మాయి పెళ్ళికి శుభలేఖ పంపలేదు. మేనత్త కూర్చోవలసిన పీటమీద దూరపు బంధువును కూర్చోబెట్టాం.

2021 ఆషాఢంలో ఉత్తరం వచ్చింది. 2019 చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చిందనీ, కలెక్టరు గారు గుర్తింపు పత్రం ఇస్తారనీ, దరఖాస్తు కంప్యూటరులోనే పెట్టుకోవచ్చుననీ రాసింది. పేరు మార్పుకు పదో తరగతి సర్టిఫికెట్టు కావాలి, అది ఇంట్లో అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది, పంపమంది. క్షేమసమాచారాలు కూడా అడగలేదు. ఎనిమిది నెలలు నేను జవాబివ్వలేదు.

మిత్రులారా, ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేశాను. పెండింగు ఉంచిన ప్రతి ఫైలుకూ ఏదో ఒక కారణం నోట్‌ఫైలులో రాశాను. ఎన్‌క్లోజరు లేదనో, స్టాంపు చాలలేదనో. దీనికి రాయడానికి ఒక్క కారణమూ దొరకలేదు. చివరికి మా ఇంటావిడ, "ఆ సర్టిఫికెట్టు మీ సొత్తా, ఆమె సొత్తా?" అని అడిగింది. అదీ అన్నం వడ్డిస్తూ, మామూలుగానే అడిగింది.

పోస్టులో పంపడానికి మనసొప్పలేదు. 2022 ఫిబ్రవరిలో గిద్దలూరులో పాసింజరు ఎక్కాను. దిగువమెట్ట దాటి నల్లమలలో సొరంగం వచ్చినప్పుడు పెట్టె చీకటైంది. ఆ చీకట్లో, ఆమె తలుపు తీస్తే ఏమని పిలవాలా అని ఆలోచించుకున్నాను. పిలుపు తేలకుండానే నంద్యాల వచ్చింది.

తలుపు తీసి నిలబడింది. నేత చీర, నెరసిన జుట్టు ముడి, అచ్చం మా అమ్మ. నేను మాట రాక నిలబడితే, "చెల్లీ అను, లేకపోతే పేరు పెట్టి పిలువు. అదీ రాకపోతే ఏమే అను, పలుకుతాలే" అని నవ్వింది. రెండు గదుల ఇల్లు. విత్తనాల దుకాణాలకు లెక్కలు రాసిపెడుతుంది. నాలుగు ఇళ్ళు మారితే గాని ఈ ఇల్లు దొరకలేదట. ఇప్పుడు ఇంటివాళ్ళ మనవరాలికి ఎక్కాలు నేర్పుతోంది. నీళ్ళ బిందె దగ్గర ఆడవాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు. అంత దాకా రావడానికి నాలుగేళ్ళు పట్టిందంది. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు చేరినప్పుడు ఆ పేపరు ముక్క కత్తిరించి నాకు పంపింది. పక్కన ఏమీ రాయలేదు.

పత్రం వచ్చాక ఆమె ఒంటరి ప్రయాణాలు మొదలుపెట్టింది. శ్రీశైలం, తిరుపతి, తర్వాత అరుణాచలం. నేను తోడొస్తానంటే ఒప్పుకోలేదు. "నలభై ఏడేళ్ళు మీ అందరి తోడుతోనే ఉన్నా గదన్నా" అంది. రైల్వే ఫారాల్లో మూడో గడి చేర్చమని 2016లోనే ఉత్తర్వులొచ్చాయి. అరవై దాటినవారికి ఇచ్చే రాయితీలో కూడా వారిని చేర్చారు గాని, అది 2020 మార్చిలో మనందరితోపాటే పోయింది. ఆ విషయంలో మాత్రం ఏ తేడా చూపలేదు!

ప్రయాణంలో కష్టం టిక్కెట్టుతో తీరేది కాదు. రాత్రి పక్క బెర్తులో ఎవరున్నారో చూసుకోవాలి. మరుగుదొడ్డికి పోవాలంటే పెట్టె సద్దుమణిగేదాకా ఆగాలి. అందుకని సాయంత్రం నుంచే నీళ్ళు తాగదు. షుగరున్న మనిషి. అరుణాచలంలో ఒక లాడ్జివారు బోర్డు మీద ఖాళీలున్నాయని రాసిపెట్టి, లేవన్నారు. సంచీ భుజానేసుకొని ఆ రాత్రే గిరిప్రదక్షిణ చేసింది. 14 కిలోమీటర్లు. "గది ఇచ్చి ఉంటే బద్ధకించేదాన్ని" అని మా ఇంటావిడతో చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఒకసారి రైల్లో ఎదుటి సీటు పెద్దాయన ఈమెను చూసి, అడగకుండానే జేబులోంచి పది రూపాయలు తీసి ఇవ్వబోయాడట. ఆయన మంచివాడే. కాకపోతే ఇటువంటి మనిషి రైల్లో కనిపిస్తే అడుక్కోవడానికే వచ్చిందనుకున్నాడు. ఈమె ఆ నోటు తీసుకొని, అదే నోటుతో టీ కొని ఆయనకే ఇచ్చి, తన టిక్కెట్టు చూపించిందట. దిగేదాకా ఆయన తన కూతురి కాపురం సంగతులు చెప్పాడట.

రాష్ట్ర ప్రభుత్వం 2017 చివరలో వీరికి నెలకు 1500 పింఛను మంజూరు చేసింది. 2024 జూలై నుంచి అది 4000 చేశారు. మన పింఛన్ల పక్కన అది ఎంతో మీరే లెక్కవేసుకోండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సులో ఆడవాళ్ళతోపాటు వీరినీ చేర్చారు. దసరాకు నంద్యాల నుంచి గిద్దలూరుకు ఆ బస్సులోనే వచ్చింది. కండక్టరు కార్డు చూసి, మరో మాట అడగక సున్నా టిక్కెట్టు చింపి ఇచ్చి, "ముందుకు జరగండమ్మా" అన్నాడట. ఆ టిక్కెట్టు పర్సులో దాచుకుంది. నాకు మూడుసార్లు చూపించింది.

మాఘమాసంలో నా పెద్ద మనవరాలి పెళ్ళి. శుభలేఖ ప్రూఫు ఈ సంచిలోనే ఉంది. సభ అయ్యాక ప్రెస్సుకు ఇచ్చిపోవాలి. ఆహ్వానించువారిలో నా పేరు కింద ఆమె పేరు, ఇప్పటి పేరు, వేయించాను. బంధువుల్లో ఇద్దరు ఇప్పటికే ఫోను చేసి రామన్నారు. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. కారు పంపుతానంటే మాత్రం వద్దంది. "పొద్దున బస్సుకు వస్తా, ఒక్కదాన్నే. గిద్దలూరు బస్టాండులో ఎవరూ ఉండక్కర్లేదు" అంది.

నేను మాత్రం బస్టాండుకు పోతాను.

సెలవు.