గడప ఎత్తు

 

మా అమ్మాయి ప్రజారోగ్యంలో పీజీ చేస్తూ వృద్ధాప్యాన్ని ప్రత్యేక అంశంగా తీసుకుంటానంటే, "ముసలితనానికీ ఒక చదువా?" అన్నాను. ఆ ఏడాదే మా అమ్మ బాత్రూం గడప తగిలి పడింది, తుంటి విరిగింది. ఆ ఇంటి ప్లాను గీసిన ఇంజనీరును నేనే.

"డాక్టరు విరిగిన ఎముక చూస్తాడు నాన్నా. మేం గడప ఎత్తు, వెలుతురు, కంటిచూపు, నిద్రమాత్రలు అన్నీ కలిపి చూస్తాం, ఇంకొకరు పడకుండా" అంది.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లలో మన గురువులున్నారు. త్వరలో మనమూ చేరతాం.

ఇంట్లో గడప తీయించి, గోడకు కడ్డీ బిగించాను. ఇవాళ మాస్టార్లు మన బడి మెట్లు ఎక్కడానికి పడ్డ అవస్థ చూశాను. స్వర్ణోత్సవ గుర్తుగా ముందు అక్కడ రెయిలింగ్ పెట్టిద్దాం. డ్రాయింగు నేను గీస్తాను.