మలేషియా చూసి రావడానికి ముందు ఈ కార్డు నింపండి



సెలవు దొరికితే సింగపూర్ నుంచి జోహోర్ బారు దాటి, బతు కేవ్స్ మురుగన్ గుడి చూసొద్దామని అందరికీ ఉంటది. మన ఇండియా పాస్‌పోర్టుకి మలేషియాలో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు, 2026 డిసెంబర్ 31 దాకా. అట్లని చేతులూపుకుంటూ పోవచ్చని కాదు. డిజిటల్ అరైవల్ కార్డు, ఎండీఏసీ అంటారు, వెళ్ళే ముందు 3 రోజుల లోపల ఫోన్‌లో నింపాలి. మలేషియా ఇమిగ్రేషన్ సైట్‌లో ఇది ఫ్రీ. డబ్బులడిగితే అది దొంగ సైటే. పేరు, నంబరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టండి. పాస్‌పోర్టుకి ఇంకా 6 నెలల గడువుండాలి. వర్క్ పర్మిట్ కార్డు మర్చిపోవద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఇది చూసి రావడానికే. అక్కడ ఒక్కరోజు కూలికి దిగి దొరికితే జైలు పాలవుతారు, ఇక్కడి పనీ పోవచ్చు. ఇంటికాడ అప్పు మాత్రం అట్లనే ఉంటది.