నాయకుడి ధైర్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు?

(ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాసం)



ఆంధ్రరత్న పేరిట మాట్లాడమన్నప్పుడు నేను విషయం కోసం దూరం వెళ్లవలసిన పని లేకపోయింది. నాయకుడికి ధైర్యం ఉండాలని అందరూ అంటారు. ఆ ధైర్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తారని మాత్రం ఎక్కువమంది అడగరు. ఆ ప్రశ్న అడగడానికి తెలుగునేల మీద ఈ చీరాలను మించిన చోటు లేదు.

ధైర్యం అనగానే మనకు 1928 ఫిబ్రవరి 3 గుర్తుకొస్తుంది. సైమన్ కమిషన్ దేశంలో అడుగుపెట్టిన ఆ రోజు మద్రాసులో, తుపాకులు పట్టుకున్న పోలీసుల ఎదుట టంగుటూరి ప్రకాశం గారు చొక్కా తెరిచి గుండె చూపించారు. ఆ సాహసానికి చేతులెత్తి మొక్కాల్సిందే. అక్కడ ఆయన పణంగా పెట్టింది తన ప్రాణాన్ని. అయితే నాయకులకు ఇంకో పరీక్ష కూడా ఎదురవుతుంది. తన మాట నమ్మి వేలమంది ఇల్లూ వాకిలీ వదిలి కష్టాల్లోకి నడిచినప్పుడు, వాళ్ల కష్టానికి తాను ఎలా జవాబుదారీ కావాలి? గోపాలకృష్ణయ్య గారు ఎదుర్కొన్నది ఆ పరీక్ష.

హద్దు దాటిన ఊరు

చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. రెండింటి జనాభా కలిపి సుమారు 15,000. నేతపనివాళ్లు, చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు ఉన్న ఊళ్లు. యూనియన్ అనే చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను మునిసిపాలిటీ అయ్యేసరికి 40,000 దాకా పెరిగింది. మాకు ఈ మునిసిపాలిటీ వద్దు మొర్రో అని జనం అర్జీలు పెట్టుకున్నారు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం వినలేదు. పన్ను కట్టనివాళ్లను జైలుకు పంపింది. అలా వెళ్లినవారిలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ కూడా ఉంది. మన స్వాతంత్ర్య పోరాట చరిత్రలో ఆమె పేరు ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాలి.

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అక్కడికి వచ్చిన జనసందోహాన్ని అదుపులో ఉంచింది గోపాలకృష్ణయ్య గారు తయారుచేసిన రామదండు అనే స్వచ్ఛంద సేవాదళం. ఆ తర్వాత ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన చూపించిన దారులు రెండు. పన్ను కట్టకుండా, చెయ్యెత్తకుండా, ఎంత శిక్ష వేసినా భరించడం ఒకటి. ఊరే ఖాళీ చేసి మునిసిపాలిటీ పొలిమేర అవతల కాపురం పెట్టడం రెండోది.

గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో చీరాల రెండో దారి పట్టింది. ఇందులో ఉన్న తెలివిని గమనించండి. మునిసిపాలిటీ అధికారం దాని హద్దు వరకే. హద్దు దాటినవాడి మీద దానికి పన్ను వేసే హక్కు లేదు. మనుషులే లేని ఊరికి మునిసిపాలిటీ ఉండి ఏం లాభం? ఒక్క రాయి విసరకుండా, ఎవరినీ తిట్టకుండా సర్కారును ఇరకాటంలో పెట్టిన ఆలోచన అది.

ఆలోచన తేలికే, ఆచరణ తేలిక కాదు. నేతగాడి ఇల్లంటే నాలుగు గోడలూ పైకప్పూ మాత్రమే అనుకోకూడదు. గుంటమగ్గం నేలలోకి పాతుకుని ఉంటుంది. నేసేవాడు గుంటలోకి కాళ్లు దించి కూర్చుని తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. ఇల్లు మారాలంటే మగ్గం విప్పాలి, కొత్తచోట మళ్లీ గుంట తవ్వాలి, పడుగు మళ్లీ సరిచేసుకోవాలి. అన్నాళ్లూ కూలి ఉండదు. కూలి లేకపోతే పొయ్యి వెలగదు. అది తెలిసే, ఎండలు మండే రోజుల్లో, పసిపిల్లలతో, ముసలివాళ్లతో 13,000 మందికి పైగా ఊరు విడిచారు. పొలిమేర అవతల పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ తమ పంచాయతీని తామే నడుపుకున్నారు. పదకొండు నెలలు అలా గడిపారు.

తన వంతు

నాయకుడు ధైర్యం చేస్తే దాని బరువు ఎక్కువగా మోసేది వెంట నడిచేవాళ్లే. ఇది చేదు నిజం. అందుకే నాయకుడి ధైర్యాన్ని తూచేటప్పుడు అతను ఎంత గట్టిగా మాట్లాడాడన్నది చూడకూడదు. ఇతరులను అడిగినదానిలో తన వంతు ముందుగా చెల్లించాడా లేదా అన్నది చూడాలి.

గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో ఎమ్.ఏ. చదివి వచ్చారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1917లో అచ్చయింది. బందరు జాతీయ కళాశాలలో పాఠం చెప్పారు. ఆ చదువుకు, ఆ పాండిత్యానికి హాయిగా బతికే దారులు ఎన్నో ఉండేవి. అవి వదులుకుని రామనగర్ పాకల మధ్య జనంతో ఉన్నారు. ఉద్యమానికి డబ్బు కూడగట్టడానికి ఊరూరా తిరిగారు. బరంపురంలో నిషేధాజ్ఞను కాదని మాట్లాడినందుకు ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్లారు. 1928 జూన్ 10న క్షయతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39.

ఆయన జైలుకు వెళ్లాక కూడా రామనగర్ వెంటనే చెదిరిపోలేదు. నా దృష్టిలో ఆయన నాయకత్వానికి ఇదే పెద్ద రుజువు. ఆయన ధైర్యం అప్పటికే జనం సొంతమైంది. నాయకుడు పక్కన ఉన్నంతసేపే జనానికి ధైర్యం ఉంటే ఆ నాయకత్వం సగమే పండినట్టు.

ఇంకో మాట. వేలమంది ఆకలితో, కోపంతో ఉన్నప్పుడు వాళ్లను రెచ్చగొట్టడానికి ఎవరైనా చాలు. ఆ కోపం దారి తప్పకుండా రోజుల తరబడి పట్టి ఉంచాలంటే దమ్ము కావాలి. జనం చప్పట్లు కొట్టే మాట నోటిదాకా వచ్చినా ఆపుకోగలగాలి. రామదండు నేర్పిన క్రమశిక్షణ విలువ అక్కడే తెలుస్తుంది.

చివరికి జనం అనుకున్నది దక్కకుండానే 1922లో తిరిగి ఊళ్లోకి వచ్చారు. పదకొండు నెలల కష్టం, తగ్గిపోయిన రాబడి, నిర్బంధం వాళ్లను అలసిపోయేలా చేశాయి. దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను వాదించను. కానీ ఓడిన తర్వాత కూడా జనం తలచుకుని చేతులు జోడించే నాయకులు ఎందరుంటారు? తమతోపాటు ఆయనా నష్టపోయాడని, తమ కష్టం మీద ఆయన మేడ కట్టుకోలేదని వాళ్లు కళ్లారా చూశారు. ఆ నమ్మకమే ఆయనను ఆంధ్రరత్నగా నిలిపింది.

మన కాలానికి

ఇవాళ ధైర్యమైన నిర్ణయం అనే మాట రోజూ వింటున్నాం. కంపెనీ అధిపతి వందలమందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తే ధైర్యం అంటారు. పేదల ఇళ్లు ఖాళీ చేయించి రోడ్డు వేస్తే ధైర్యం అంటారు. అందులో కొన్ని అవసరమైన నిర్ణయాలే కావచ్చు. అయినా నష్టం మొత్తం కిందివాడిది, పేరు మొత్తం పైవాడిది అయిన చోట ధైర్యం అనే మాట వాడటానికి నాకు మనసొప్పదు. పలుకుబడి ఉన్నవాళ్ల పగ కొని తెచ్చుకుంటూ ఇసుక లారీలను ఆపే సర్పంచిలోనూ, బదిలీకి సిద్ధపడి బాల్యవివాహాన్ని అడ్డుకునే ప్రధానోపాధ్యాయురాలిలోనూ నాకు గోపాలకృష్ణయ్య గారి వారసత్వం కనిపిస్తుంది.

యువమిత్రులారా, రేపు మీలో కొందరు సంఘాలకు, సంస్థలకు, ఈ పురపాలక సంఘానికే నాయకులవుతారు. మిగిలినవాళ్లు నాయకులను ఎన్నుకుంటారు. మిమ్మల్ని త్యాగం చేయమని అడిగే ప్రతి నాయకుడినీ ఒక్క ప్రశ్న అడగండి: ఇందులో మీ వంతు ఎంత? మీరే నాయకులైన రోజున, ఎవరూ అడగకముందే దానికి జవాబు చెప్పండి. చీరాల పౌరులకు ఆ ప్రశ్న అడిగే హక్కు వంద ఏళ్ల కిందటే వచ్చింది. దాన్ని వాడుకోండి.