పెద్దరికము - పెత్తనము
(గ్రామ కార్యాలయ సిబ్బంది శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగపాఠము)



నేడు మీతో ఒక్క మాటను గురించియే ముచ్చటింపదలచితిమి. ఆ మాట పెత్తనము. అది మీ రెరుగనిది కాదు. కార్యాలయపు అరుగుమీద కూర్చున్న రైతు ప్రక్కవానితో మెల్లగా అనుకొను మాట యది. మనము గదిలోపల నుందుము గావున మన చెవిని పడుట అరుదు.

పెద్దతల్లి పెత్తల్లి యయినట్లే పెద్దతనము పెత్తన మయినది. పుట్టుకచే ఇది చెడ్డమాట కాదు. ఇంటి పెత్తనము, గుడి పెత్తనము అనునపుడు బాధ్యత యనియే అర్థము. పూర్వము దొరతనమువారనగా ప్రభుత్వమువారే. అందు వెక్కిరింత లేదు. ఇప్పుడు ఒకని దొరతనము చూడుమన్నచో నలుగురును నవ్వుదురు. పెత్తనమునకును అట్టి గతియే పట్టినది.

దీనికి తోబుట్టువు పెద్దరికము. రెండింటికిని మూలము 'పెద్ద' అను మాటయే. కాని వానితో చేరు క్రియలను గమనింపుడు. పెద్దరికము నిలుపుకొందురు, కాపాడుకొందురు, పెత్తనము చెలాయింతురు. పెద్దరికము చెలాయించెనని ఏ పల్లెలోను అనగా మేము వినలేదు. ఒకటి ఊరు ఇచ్చునది, మరియొకటి తాను లాగుకొనునది. పెద్ద ఉద్యోగులకంటె చిన్న కుర్చీవారికే ఈ నింద ఎక్కువగా అంటుకొనును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని సామెత యుండనే యున్నది.

వంశపారంపర్యపు గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి. కరణము, మునసబు, పటేలు, పట్వారీ పోయిరి, మాట పోలేదు. ఆనాటి కరణము బలమెల్ల రైతు చదువలేని లెక్కలో నుండెడిది. నేడు లెక్క యంత్రములోనికి పోయినది. అయినను ఏ కాగితము తక్కువయినదో మనకు తెలియును, ఎదుట నిలిచినవారికి తెలియదు. పెత్తనము కాపురముండునది అచ్చటనే.

మేమును కార్యాలయమున పనిచేసినవారమే. తల యెత్తకుండ 'రేపు రమ్ము' అన్న దినములు మాకును కలవు. ఉద్యోగము విడిచిన పిమ్మట ఒకమారు పొరుగింటి ముసలమ్మకు తోడుగా ఒక కార్యాలయమునకు పోతిమి. ఆమె పింఛను కాగితములు తెచ్చుట అది మూడవమారు. మొదటి రెండుమారులును రేపు రమ్మనిరేగాని కారణము చెప్పలేదు. మేము గట్టిగా అడిగిన మీదట, బ్యాంకు పుస్తకపు నకలు లేదని తేలినది. అది ఆమె సంచిలోనే యుండెను! ఎవరును లంచ మడుగలేదు, తప్పు వ్రాయలేదు. ఫిర్యాదు చేయుటకు ఏమియు లేదు. పోయినది ఆమె మూడు దినముల కూలి. 2005 సమాచారహక్కు చట్టము సమాచార మిచ్చుటకు ముప్పది దినముల గడువు పెట్టినది. కాని కూలికి పోవలసిన ముసలమ్మకు ఆ గడువుతో పనియేమి?

బయటికి వచ్చి ఆమె యనినది: "పిల్లోడు మంచోడే బాబూ, కాస్త పెత్తనం ఎక్కువ."

కోపముతో ననలేదు, జాలితో ననినది. మాకు మా కుర్చీ గుర్తుకు వచ్చినది.

కావున మీ బల్లపై చిన్న చీటీల కట్ట ఒకటి యుంచుకొనుడు. అర్జీ పుచ్చుకొన్న వెంటనే, కావలసిన కాగితములన్నియు ఒకేమారు చూచి, తక్కువయినవానిని పెద్ద అక్షరములతో వ్రాసి చేతికిండు. చదువురానివారికి చదివి వినిపింపుడు. అంతకుముందు కూర్చుండుటకు బల్ల చూపుడు. ఆ చీటీ యెట్లుండవలెనో నమూనా తెచ్చితిమి. మీ చేతులలోనికి పంపుచున్నాము, చూడుడు.